హైదరాబాద్ నుంచి ఆస్ట్రేలియా సాకర్ లీగ్‌ను ఫాలో అవడం ఎలా

గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మ్యాచ్‌లకు అలవాటుపడ్డ వాళ్లకు ఇప్పుడు మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో సొంత క్లబ్ లేదు. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో యజమానుల నిర్ణయంతో ఢిల్లీకి మారి, పేరు కూడా మార్చుకుంది. ఇలాంటిది చూసినవాళ్లకు ఆస్ట్రేలియా లీగ్ చాలా తొందరగా అర్థమవుతుందని నా వాదన. ఎందుకంటే అక్కడ దాదాపు యాభై ఏళ్లుగా నలుగుతున్న పంచాయితీ ఒక్కటే: క్లబ్ ఎవరిది? లీగ్‌లో జట్టు నడిపే లైసెన్స్ తీసుకున్నవాడిదా, దాన్ని కట్టుకున్న జనానిదా? ఈ ప్రశ్నను పట్టుకుని చూస్తే మిగతావన్నీ వాటంతటవే వరసలో పడతాయి. పాయింట్ల పట్టికతో మొదలుపెడితే మాత్రం రెండు వారాల్లో బోర్ కొట్టి వదిలేస్తారు.

ముందు టైమ్ సంగతి తేల్చుకుందాం, అన్నిటికన్నా తేలిక అదే. మగవాళ్ల ప్రధాన లీగ్ అక్టోబర్‌లో మొదలై మే దాకా సాగుతుంది, అంటే వాళ్ల ఎండాకాలం మీదుగా. ఆ రోజుల్లో సిడ్నీ, మెల్‌బోర్న్ మనకంటే ఐదున్నర గంటలు ముందుంటాయి కాబట్టి అక్కడ రాత్రి ఏడున్నర మ్యాచ్ ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి. శనివారం భోజనం చేసి కూర్చుంటే సరిపోతుంది, యూరప్ మ్యాచ్‌ల కోసం నిద్ర పాడుచేసుకున్నట్టు పాడుచేసుకోనక్కర్లేదు. అడిలైడ్‌కు ఐదు గంటలు, బ్రిస్బేన్‌కు నాలుగున్నర (క్వీన్స్‌లాండ్‌లో గడియారాలు మార్చరు), పెర్త్‌కు రెండున్నర. న్యూజిలాండ్ జట్లయిన వెల్లింగ్టన్, ఆక్లండ్ ఏడున్నర గంటలు ముందు కాబట్టి వాళ్ల సాయంత్రం మ్యాచ్‌లు మనకు ఉదయం టిఫిన్ల వేళకు వస్తాయి. ఏప్రిల్ మొదటి ఆదివారం సిడ్నీ, మెల్‌బోర్న్ గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, కాబట్టి ఫైనల్స్ వచ్చేసరికి అదే రాత్రి ఏడున్నర మ్యాచ్ మనకు మూడింటికి పడుతుంది. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోకపోతే మొదలయ్యే టైమ్ ఒక గంట తేడా కొడుతుంది.

ఎక్కడ చూడాలంటే, ప్రసార హక్కులు చేతులు మారుతూ ఉంటాయి, అందుకే సీజన్ మొదలయ్యే వారంలో లీగ్ అధికారిక సైట్‌లో ఇండియాకు ఎవరి దగ్గర హక్కులున్నాయో చూసుకోండి. హైలైట్స్ లీగ్ యూట్యూబ్ ఛానల్‌లోనే వస్తాయి. వెతికేటప్పుడు 'ఆస్ట్రేలియా ఫుట్‌బాల్' అని కొడితే కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే ఇంకో ఆట వచ్చి పడుతుంది (మన ఫుట్‌బాల్‌ను అక్కడ సాకర్ అంటారు), 'ఎ-లీగ్ మెన్' అని కొట్టండి.

ఇక పేర్లు. పైన ఎ-లీగ్ మెన్, 2005-06లో మొదలైంది. ఆడవాళ్ల లీగ్ 2008లో డబ్ల్యూ-లీగ్‌గా మొదలై 2021లో ఎ-లీగ్ విమెన్ అయింది. వీటిని నడిపేది క్లబ్బుల చేతిలో ఉన్న ఏపీఎల్ అనే సంస్థ, 2020 చివర్లో జాతీయ సమాఖ్య నుంచి పగ్గాలు తీసుకుంది. సమాఖ్య పేరు ఫుట్‌బాల్ ఆస్ట్రేలియా. కింద రాష్ట్రాల వారీగా ఎన్‌పీఎల్ లీగులు ఉంటాయి, అవి వాళ్ల చలికాలంలో, అంటే మనకు వానాకాలం ఉండే రోజుల్లో ఆడతారు. చిన్నా పెద్దా అందరూ కలిసి ఆడే నాకౌట్ కప్పు 2014లో ఎఫ్ఎఫ్ఏ కప్‌గా వచ్చి 2022 నుంచి ఆస్ట్రేలియా కప్ అయింది. 2025లో వీటి మధ్యలోకి ఆస్ట్రేలియన్ ఛాంపియన్‌షిప్ అని ఇంకోటి వచ్చింది, అసలు కథ దానిదే, తర్వాత చెప్తాను.

కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఎవరు గెలిచారన్న లెక్క. లీగ్ మ్యాచ్‌లన్నీ అయ్యాక పట్టికలో మొదటి స్థానంలో ఉన్నవాళ్లు ప్రీమియర్స్, వాళ్లకో ప్లేట్ ఇస్తారు. కానీ ఛాంపియన్స్ అనేది వాళ్లను కాదు. మొదటి ఆరు జట్లు ఫైనల్స్ సిరీస్ ఆడి, గ్రాండ్ ఫైనల్ గెలిచినవాళ్లే ఛాంపియన్స్. 2024-25లో ఆక్లండ్ ఎఫ్‌సీ తమ మొదటి సీజన్‌లోనే ప్లేట్ ఎత్తుకుపోయింది, ఛాంపియన్ మాత్రం మెల్‌బోర్న్ సిటీ, అదీ ఊళ్లో పోటీదారు విక్టరీని 1-0తో ఓడించి. ఐఎస్ఎల్ షీల్డ్, కప్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. గ్రాండ్ ఫైనల్ మామూలుగా ఆ రెండు జట్లలో పట్టికలో పైన ఉన్నదాని సొంత మైదానంలో జరుగుతుంది, అది అభిమానులకు పెద్ద సెంటిమెంట్. 2022 డిసెంబర్‌లో ఏపీఎల్ ఈ హక్కును సిడ్నీకి మూడేళ్లకు అమ్మేస్తే దేశమంతా మండిపడింది. అదే నెల మెల్‌బోర్న్ డెర్బీలో (ఒకే ఊరి రెండు జట్ల మ్యాచ్) నిరసన హద్దు దాటి జనం మైదానంలోకి దూకారు, సిటీ గోల్‌కీపర్ ముఖానికి ఇనప బకెట్ తగిలి రక్తం కారింది. మరుసటి ఏడాది ఆ ఒప్పందాన్నే రద్దు చేసుకోవాల్సి వచ్చింది. డబ్బు కోసం అభిమానిని పక్కకు నెడితే ఏమవుతుందో చూడాలంటే ఆ వారం వార్తలు చదవండి చాలు.

పాత కథ, ఎక్కువసేపు ఉండాల్సిన చోటు

లీగ్‌ను ఫాలో అవడమంటే కొత్త క్లబ్బులతో మొదలుపెట్టడం కాదు, 1977కు వెళ్లాలి. ఆ ఏడాది 14 జట్లతో నేషనల్ సాకర్ లీగ్ మొదలైంది. రగ్బీ, వాళ్ల సొంత ఆట వగైరాలకు అంతకుముందు అలాంటి జాతీయ లీగ్ లేదు, అక్కడ ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలన్నిటిలో దేశమంతటికీ మొదట లీగ్ పెట్టింది సాకరే. ఆ క్లబ్బుల్లో చాలావాటిని కట్టింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడలెక్కి వచ్చిన వలసదారులు. మన దగ్గర జిల్లాల నుంచి సిటీకి వచ్చినవాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో తమ ఊరివాళ్లతో ఓ సంఘం పెట్టుకుంటారు చూడండి, అలాగే అక్కడ గ్రీకులు సౌత్ మెల్‌బోర్న్ హెల్లాస్, ఇటాలియన్లు మార్కోని, అపియా, క్రొయేషియన్లు మెల్‌బోర్న్ క్రొయేషియా, సిడ్నీ క్రొయేషియా, మెసిడోనియన్లు ప్రెస్టన్ మెకెడోనియా, హంగేరీవాళ్లు సెయింట్ జార్జ్ బుడాపెస్ట్, యూదులు హకోవా పెట్టుకున్నారు. మొదటి టైటిల్ హకోవాదే, అప్పట్లో ఈస్టర్న్ సబర్బ్స్ పేరుతో ఆడేది.

ఇందులో ఒక్క జట్టు గురించి వివరంగా చదవాలంటే 1989 నుంచి 1992 దాకా సౌత్ మెల్‌బోర్న్ గురించి చదవండి. కోచ్ ఎవరనుకున్నారు? ఫెరెంక్ పుష్కాష్. ప్రపంచంలోనే గొప్ప ఆటగాళ్లలో ఒకడు, మెల్‌బోర్న్‌లో ఒక వలసదారుల క్లబ్‌కు కోచింగ్ ఇచ్చాడు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. అంతకుముందు గ్రీస్‌లో పనాథినైకోస్‌కు కోచ్‌గా చేసినందువల్ల గ్రీకు వచ్చు. అందుకే జట్టు కెప్టెన్, ఎడమవైపు డిఫెండర్‌గా ఆడే ఒక గ్రీకు కుర్రాడు ఆయన్ను కారులో ఎక్కించుకుని తిప్పేవాడు, ఆయన చెప్పేది మిగతావాళ్లకు ఇంగ్లిష్‌లోకి మార్చేవాడు. ఆ కుర్రాడి పేరు ఆంజ్ పొస్టెకోగ్లూ. 1991 గ్రాండ్ ఫైనల్లో వాళ్లు మెల్‌బోర్న్ క్రొయేషియాతో ఆడి, మ్యాచ్ ముగియబోతుండగా స్కోరు సమం చేసి, పెనాల్టీల్లో గెలిచారు. ఆ పొస్టెకోగ్లూనే తర్వాత 2000లో కోచ్‌గా సౌత్ మెల్‌బోర్న్‌ను బ్రెజిల్‌లోని మరకానాకు తీసుకెళ్లి మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడించాడు, 2-0తో ఓడారనుకోండి. ఆయనే 2025లో ఇంగ్లండ్ క్లబ్ టోటెన్‌హామ్‌కు యూరోపా లీగ్ తెచ్చిపెట్టాడు. ఇంత పుట్టించిన లీగ్‌ను కొన్నేళ్లకే 'పాత సాకర్' అని పక్కన పెట్టేశారు.

ఎందుకు పక్కన పెట్టారంటే రెండువైపులా మాట ఉంది. ప్రేక్షకుల గొడవలు, పాత దేశాల కక్షలు స్టాండ్స్‌లో బయటపడటం, టీవీ డబ్బు రాకపోవడం, సమాఖ్యలో రాజకీయాలు, ఇవన్నీ నిజమే. 1990ల్లోనే క్లబ్బుల చేత జాతుల పేర్లు, గుర్తులు తీయించే ప్రయత్నం జరిగింది. మెల్‌బోర్న్ క్రొయేషియా నైట్స్ అయింది, సిడ్నీ క్రొయేషియా సిడ్నీ యునైటెడ్ అయింది. పేరు మారితే అభిమాని మారతాడా? మారలేదు. 2003లో ప్రభుత్వం వేయించిన క్రాఫర్డ్ నివేదిక సమాఖ్యను పూర్తిగా మార్చమంది. వ్యాపారి ఫ్రాంక్ లోయీ ఛైర్మన్ అయ్యాడు, 2004లో పాత లీగ్ మూసేశారు, చివరి ఛాంపియన్ పెర్త్ గ్లోరీ. ఇక్కడో వింత గమనించండి: వలసల క్లబ్బులకు తలుపు మూసిన లోయీ ఒకప్పుడు హకోవా పెద్ద. ఆయన హయాంలోనే ఆ క్లబ్ 1987లో ఒక్క రౌండ్ ఆడి లీగ్ నుంచి తప్పుకుంది. లోపల ఉండి చూసినవాడు కాబట్టే అంత కఠినంగా ఉన్నాడేమో అని నాకనిపిస్తుంది.

2005లో ఎనిమిది జట్లతో ఎ-లీగ్ వచ్చింది. ఊరికి ఒక్కటే జట్టు, జీతాలకు పరిమితి, గెలిస్తే కింది లీగ్ నుంచి పైకి ఎక్కడం (ప్రమోషన్) లేదు, ఓడితే కిందికి దిగడం (రెలిగేషన్) లేదు. సిడ్నీ ఎఫ్‌సీ మాంచెస్టర్ యునైటెడ్ మాజీ స్ట్రైకర్ డ్వైట్ యార్క్‌ను తెచ్చింది, మొదటి ఛాంపియన్ కూడా అదే. అదే ఏడాది నవంబర్‌లో ఆస్ట్రేలియా ఉరుగ్వేను పెనాల్టీల్లో ఓడించి ప్రపంచకప్‌కు వెళ్లింది, 2006 జనవరి నుంచి ఓషియానియా వదిలి ఆసియా సమాఖ్యలో చేరింది. గాలి మొత్తం కొత్త లీగ్ వైపే వీచింది. 2012లో వచ్చిన వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్ రెండేళ్లలో, అంటే 2014లో, అల్-హిలాల్‌ను ఓడించి ఆసియా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. అది మామూలు విషయం కాదు.

పాత మ్యాచ్ ఒక్కటే చూసే ఓపిక ఉంటే 2011 గ్రాండ్ ఫైనల్ చూడండి. బ్రిస్బేన్‌లో యాభై వేల మంది, తొంభై నిమిషాలు గోల్ లేదు, అదనపు సమయంలో సెంట్రల్ కోస్ట్ రెండు కొట్టింది. కొంతమంది లేచి బయటికి నడుస్తున్నారు. 117వ నిమిషంలో బ్రిస్బేన్ ఒకటి కొట్టింది. 120వ నిమిషంలో కార్నర్ వస్తే ఎరిక్ పార్తాలు తలతో లోపలికి పంపాడు. తర్వాత పెనాల్టీల్లో బ్రిస్బేన్ గెలుపు. కోచ్ మళ్లీ పొస్టెకోగ్లూనే. ఆ పార్తాలునే తర్వాత బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు, ఐఎస్ఎల్ చూసినవాళ్లు గుర్తుపడతారు.

క్లబ్‌ను ఎంచుకోవడం

మనకు తెలిసిన ముఖాలతో మొదలుపెట్టడమే తేలిక. హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆడిన జోయెల్ కియానీజీ పెర్త్ గ్లోరీ నుంచి వచ్చినవాడు. రాయ్ కృష్ణ ఐఎస్ఎల్‌కు వచ్చింది వెల్లింగ్టన్ ఫీనిక్స్ నుంచి. 2023 గ్రాండ్ ఫైనల్లో మెల్‌బోర్న్ సిటీ మీద సెంట్రల్ కోస్ట్ 6-1తో గెలిచిన రోజు హ్యాట్రిక్ కొట్టిన జేసన్ కమింగ్స్, ఎ-లీగ్ చరిత్రలోనే ఎక్కువ గోల్స్ కొట్టిన జేమీ మెక్‌లారెన్, ఇద్దరూ మోహన్ బగాన్‌కు వచ్చారు. వీళ్లలో ఎవరి ఆట మీకు నచ్చిందో వాళ్ల పాత క్లబ్ పట్టుకోండి.

అలా కాకుండా నన్ను అడిగితే, గెలిచే జట్టు కావాలంటే మెల్‌బోర్న్ సిటీ, వెనక మాంచెస్టర్ సిటీ యజమానులున్నారు, కానీ నాకు ఆ క్లబ్ మీద ప్రేమ పుట్టదు. గోల కావాలంటే వాండరర్స్, లేదా మెల్‌బోర్న్ విక్టరీ. మనసుకు పట్టేది మాత్రం సెంట్రల్ కోస్ట్ మారినర్స్. గోస్ఫర్డ్ అనే చిన్న ఊరు, మైదానం ఒకవైపు తాటిచెట్లు, వాటి వెనక నీళ్లు, అందరికన్నా తక్కువ డబ్బు. ఆ జట్టు 2024లో ప్లేట్, ఛాంపియన్‌షిప్, ఆసియా క్లబ్బుల రెండో స్థాయి టోర్నీ ఏఎఫ్‌సీ కప్ మూడూ ఒకే సీజన్‌లో తీసుకుంది. అలాగని ఆ డబ్బు టెన్షన్ తీరిపోతుందనుకోకండి, అక్కడ కుర్రాళ్లను తయారుచేసి అమ్ముకోవడమే బతుకుతెరువు.

తార్నీట్ సంగతి

మెల్‌బోర్న్‌లో మనవాళ్లెవరైనా ఉంటే తార్నీట్, ట్రుగనీనా పేర్లు వినే ఉంటారు, నగరానికి పడమర, తెలుగు మాట వీధిలోనే వినిపించే చోట్లు. అక్కడ సొంత స్టేడియం కట్టుకుంటామన్న మాట మీద వెస్టర్న్ యునైటెడ్‌కు 2018 చివర్లో లైసెన్స్ వచ్చింది. 2019-20లో ఆడటం మొదలుపెట్టింది. పెద్ద స్టేడియం రాలేదు. జీలాంగ్ అనీ బల్లారాట్ అనీ ఊళ్లు పట్టుకు తిరుగుతూ ఆడింది, ఆ తిరుగుళ్లలోనే 2022లో ఛాంపియన్ కూడా అయింది! చివరికి తార్నీట్‌లో చిన్న మైదానం ఒకటి తయారైంది. అక్కడ కుదురుకునేలోపే డబ్బు చిక్కులు మెడకు చుట్టుకుని 2025-26 సీజన్‌కు జట్టు బరిలోనే లేకుండా పోయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే. దానికి ముందు న్యూజిలాండ్ నైట్స్, నార్త్ క్వీన్స్‌లాండ్ ఫ్యూరీ, గోల్డ్ కోస్ట్ యునైటెడ్ కూడా ఇలాగే పోయాయి. మూసిన లీగ్‌లో చిక్కు ఇక్కడే ఉంది: ఓడిన క్లబ్ కిందికి దిగదు, డబ్బు అయిపోయిన క్లబ్ మాత్రం ఒక్కసారిగా మాయమైపోతుంది. కింద మెట్టే లేనప్పుడు ఎక్కడ నిలబడుతుంది?

రాబోయే రోజుల్లో ఏం చూడాలి

ఆ మెట్టు కట్టే ప్రయత్నమే ఆస్ట్రేలియన్ ఛాంపియన్‌షిప్. 2025 అక్టోబర్‌లో మొదలైంది. ఎనిమిది పునాది క్లబ్బులు, వాటికి తోడు రాష్ట్ర లీగుల నుంచి వచ్చిన జట్లు, మొత్తం పదహారు, నాలుగేసి జట్ల గ్రూపులు, తర్వాత నాకౌట్. పునాది క్లబ్బుల పేర్లు చదవండి: సౌత్ మెల్‌బోర్న్, మార్కోని, అపియా లైకార్ట్, సిడ్నీ యునైటెడ్ 58, సిడ్నీ ఒలింపిక్, ప్రెస్టన్ లయన్స్, వొలంగాంగ్ వోల్వ్స్, అవొండేల్. ఎనిమిదిలో ఏడు పాత జాతీయ లీగ్‌లో ఆడినవే. ఇరవై ఏళ్ల తర్వాత వెనక తలుపు కొద్దిగా తెరుచుకుంది. నిజానికి మొదట అనుకున్నది ఏడాది పొడవునా ఇంటా బయటా ఆడే పూర్తి రెండో డివిజన్. దేశం ఆ చివర నుంచి ఈ చివరకు విమాన ఖర్చులు భరించగల క్లబ్బులు సరిపడా దొరక్క, రెండు మూడు నెలల టోర్నీగా కుదించారు.

పైకి ఎక్కే దారి ఇంకా లేదు. గెలిచినా ఎ-లీగ్‌లోకి రారు. ఆ దారి తెరుస్తారా అన్నదే వచ్చే పదేళ్ల ప్రశ్న, నా అంచనా అడిగితే ఎ-లీగ్ యజమానులు ఇష్టపడి తెరవరు. లైసెన్స్ కోసం కోట్లు పెట్టినవాడు కింద పడే ప్రమాదాన్ని ఎందుకు ఒప్పుకుంటాడు? మనకూ ఇది తెలిసిన లెక్కే. ఐఎస్ఎల్ 2014లో ఇలాగే ఎనిమిది జట్లతో, మూసిన తలుపుతో మొదలై, 2023లో పంజాబ్ ఎఫ్‌సీ కింది మెట్టయిన ఐ-లీగ్ గెలిచి పైకి వచ్చేదాకా ఆ తలుపు తెరవలేదు. కానీ మైదానంలో తేడా తగ్గుతోందని మాత్రం ఆస్ట్రేలియా కప్ చెప్తోంది. 2022లో సిడ్నీ యునైటెడ్ 58 ఫైనల్‌కు చేరింది, 2025లో రాష్ట్ర లీగ్ జట్టు హైడెల్‌బర్గ్ యునైటెడ్ ఫైనల్లో న్యూకాజిల్ జెట్స్‌ను అదనపు సమయం దాకా లాగి 3-1తో ఓడింది.

కాబట్టి మీ క్యాలెండర్‌లో మూడు చోట్ల గుర్తు పెట్టుకోండి. వాళ్ల చలికాలం నెలల్లో ఆస్ట్రేలియా కప్, చిన్న క్లబ్ సొంత మైదానంలో ఎ-లీగ్ జట్టును పిలిచి ఆడే మ్యాచ్ ఏది ఉంటే అది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఛాంపియన్‌షిప్. ఏప్రిల్, మే నెలల్లో ఎ-లీగ్ ఫైనల్స్. మధ్యలో డెర్బీలు ఎలాగూ చూస్తారు.

పిల్లల దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్లే పని పడితే, ఒక శనివారం ఆమి పార్క్‌లో ఎ-లీగ్ చూడండి, స్టేడియం బాగుంటుంది, రైల్లో వెళ్లొచ్చు. కానీ అక్కడి చలికాలంలో వెళ్తే ఆల్బర్ట్ పార్క్ చెరువు పక్కన లేక్‌సైడ్ స్టేడియంకు వెళ్లండి, సౌత్ మెల్‌బోర్న్ ఆడేది అక్కడే. చుట్టూ పరుగు ట్రాక్ ఉండటంతో మైదానం కొంచెం దూరమనిపిస్తుంది, అదొక్కటే లోటు. గ్రీకు సూవ్లాకి వాసన, తాతలూ మనవళ్లూ పక్కపక్కన. నీలం చొక్కా మాత్రమే వేసుకెళ్లండి, ప్రెస్టన్‌తో మ్యాచ్ రోజు ఎరుపు వేసుకుని ఆ వైపు కూర్చుంటే బాగోదు. సన్‌షైన్ నార్త్‌లో మెల్‌బోర్న్ నైట్స్ మైదానం తార్నీట్ నుంచి కారులో దగ్గరే, ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ మార్క్ విడూకా సీనియర్ ఆట మొదలుపెట్టిన క్లబ్ అది. మాంసం తినేవాళ్లయితే అక్కడ క్రొయేషియన్ చెవాపి అడగండి, కారం ఉండదు కాబట్టి పచ్చడేదైనా జేబులో పెట్టుకెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. పక్కనున్న పెద్దాయనతో మాట కలపాలంటే 1956 ఒలింపిక్స్ ఎత్తండి. అదే మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. ఆయన నమ్మకపోతే ఫోన్ తీసి చూపించండి.